చీమకుర్తి రాయి ప్రపంచమంతా తిరుగుతోంది, మరి మన హై-ఎండ్ స్పీకర్ ఎక్కడ?

హోమ్ ఆడియో అనగానే మన దగ్గర రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి "ఎన్ని వాట్స్?", రెండోది "ఏ బ్రాండ్?". ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్, సెన్సర్ సైజ్, చార్జింగ్ స్పీడ్ అన్నీ చీల్చి చెండాడే కుర్రాళ్లు కూడా స్పీకర్ దగ్గరికి వచ్చేసరికి బాక్స్ మీద రాసిన అంకె చూసి డబ్బులు కట్టేస్తున్నారు. పేరున్న బ్రాండ్ అయితే అసలు ప్రశ్నే అడగరు.

గత పది పదిహేనేళ్లలో ఈ రంగం బాగా మారిపోయింది. పెద్ద బ్రాండ్లకి మాత్రమే సాధ్యం అనుకున్న క్వాలిటీని నలుగురైదుగురు ఇంజనీర్లున్న చిన్న కంపెనీలు ఇస్తున్నాయి. మన దేశంలోనూ అలాంటివి ఉన్నాయి. తెలుగు నేల మీద మాత్రం ఇంకా గట్టిగా ఒక్కటీ నిలబడలేదు. అలాంటి కంపెనీ పెట్టడానికి కావాల్సిన సరుకులో సగం ఒంగోలు పక్కన చీమకుర్తి రోడ్డు పొడవునా గుట్టలుగా పడి ఉందని నా అభిప్రాయం. ఎందుకో వివరంగా చూద్దాం.

ఎలక్ట్రానిక్స్ ఇక రహస్యం కాదు

హై-ఎండ్ ఆడియోలో మూడు ముక్కలుంటాయి. డిజిటల్ ఫైల్‌ని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే డీఏసీ, దాన్ని పెంచే ఆంప్లిఫయర్, చివరికి గాలిని కదిలించే స్పీకర్. వీటిలో మొదటి రెండూ ఇప్పుడు దాదాపు తేలిపోయిన లెక్కలు.

డీఏసీ సంగతే తీసుకోండి. సీడీలో ఉండే 16-బిట్ ఆడియోకి డైనమిక్ రేంజ్ సుమారు 96 డెసిబెల్స్. చైనాకి చెందిన టాపింగ్, ఎస్ఎంఎస్ఎల్ లాంటి కంపెనీలు వేల రూపాయల్లో అమ్మే డీఏసీలు ల్యాబ్ టెస్టుల్లో 110 డెసిబెల్స్ పైనే చూపిస్తున్నాయి. అంటే డీఏసీ చేసే తప్పులు మీ ఫ్యాన్ చప్పుడు కింద ఎక్కడో మునిగిపోతాయి. ఇక లక్షలు పోసి డీఏసీ కొనడం సోకు కోసమే తప్ప సౌండ్ కోసం కాదు.

ఆంప్లిఫయర్ కథా అంతే. క్లాస్-డి ఆంప్లిఫయర్ అంటే ఒకప్పుడు చౌక రకం అని చిన్నచూపు ఉండేది. బ్రూనో పుట్జేస్ అనే ఇంజనీర్ ముందు హైపెక్స్‌లో ఎన్‌కోర్ డిజైన్‌తో, తర్వాత డెన్మార్క్‌లోని ప్యూరిఫై కంపెనీలో ఐగెన్‌టాక్ట్ మాడ్యూల్‌తో ఆ పేరు పోగొట్టాడు. 2020లో వచ్చిన నాడ్ ఎం33 లాంటి ఖరీదైన మోడల్‌లో ఉన్నది ప్యూరిఫై టెక్నాలజీయే. ఇక్కడ గమనించాల్సిన పాయింట్ ఏంటంటే, ప్యూరిఫై ఆంప్ మాడ్యూల్స్‌ని చిన్న కంపెనీలు కూడా కొనుక్కోవచ్చు. మంచి పవర్ సప్లై, మంచి క్యాబినెట్ ఉంటే నలుగురు మనుషుల కంపెనీ కూడా ప్రపంచ స్థాయి ఆంప్లిఫయర్ అమ్మొచ్చు.

అలా వచ్చినవే చాలా పేర్లు. 2010లో కాలిఫోర్నియాలో మొదలైన షిట్ ఆడియో డీలర్లని పక్కన పెట్టి కస్టమర్‌కి నేరుగా అమ్మి నిలబడింది. విమ్ చిన్న స్ట్రీమర్ డబ్బాలతో పెద్ద పెద్ద బ్రాండ్ల ధరలని ప్రశ్నించింది. నెదర్లాండ్స్‌లోని డచ్ అండ్ డచ్ అయితే ఆంప్లిఫయర్, డీఎస్పీ అన్నీ స్పీకర్ లోపలే పెట్టేసి, శబ్దం వెనక్కి పోకుండా ముందుకే వచ్చేలా డిజైన్ చేసి 8సి అనే మోడల్‌తో పేరు తెచ్చుకుంది.

మన దేశంలో ఎవరున్నారు?

ఇండియాలో ఈ పని కొత్తేం కాదు. కోల్‌కతాలో సోనోడైన్ 1970లోనే మొదలైంది. పుణెలోని కేడెన్స్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు, వాల్వ్ ఆంప్లిఫయర్లు తయారు చేసి విదేశాల్లో అమ్మింది. ఢిల్లీలో లిరిటా చేతితో వాల్వ్ ఆంప్లిఫయర్లు కడుతుంది. కొచ్చిలో ఒక ఆర్కిటెక్ట్ మొదలుపెట్టిన రెథమ్ అయితే మార్గ, సాధన, భావ అని మన పేర్లే పెట్టి స్పీకర్లు చేస్తోంది. వాటిని విదేశీ ఆడియో పత్రికలు సీరియస్‌గా రివ్యూ చేశాయి. బెంగళూరుకి చెందిన అల్లో రాస్ప్‌బెర్రీ పై మీద పెట్టుకునే డీఏసీ బోర్డులతో టింకరింగ్ చేసే కుర్రాళ్లకి బాగా దగ్గరైంది.

లిస్ట్ చూశారుగా. కోల్‌కతా, పుణె, ఢిల్లీ, కొచ్చి, బెంగళూరు. మన వైపు నుంచి గట్టిగా చెప్పుకోదగ్గ పేరు మివి. 2015లో మిధుల దేవభక్తుని, విశ్వనాథ్ కందుల హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ఈ కంపెనీ ఛార్జింగ్ కేబుల్స్‌తో మొదలై ఇయర్‌బడ్స్, బ్లూటూత్ స్పీకర్లు, సౌండ్‌బార్ల దాకా వచ్చింది. తయారీని కూడా హైదరాబాద్‌కి తెచ్చింది. అది బడ్జెట్ సెగ్మెంట్, హై-ఎండ్ కాదు. కానీ తెలుగువాళ్లు ఆడియో సరుకు తయారు చేసి దేశమంతా అమ్మగలరని అది రుజువు చేసింది. ఆ పై మెట్టు ఖాళీగా ఉంది.

చీమకుర్తి ఎందుకు?

ఎలక్ట్రానిక్స్ కొనుక్కుంటే దొరుకుతాయని చెప్పుకున్నాం. డ్రైవర్లు కూడా అంతే. డెన్మార్క్ స్కాన్‌స్పీక్, నార్వే సియాస్ ఎవరికైనా అమ్ముతాయి. ఎస్‌బీ అకౌస్టిక్స్ డ్రైవర్లు ఇండోనేషియాలోని సురబాయాలో తయారవుతాయి. వాటిని యూరప్ కంపెనీలు కొని తమ స్పీకర్లలో వాడుకుంటాయి. సురబాయా చేయగా లేనిది మనం చేయలేమా?

కొనుక్కోవడానికి దొరకనివి మూడు: డబ్బా, గది, సర్వీస్. ఈ మూడూ లోకల్‌గా ఉండే కంపెనీకే బాగా చేతనవుతాయి.

ముందు డబ్బా. స్పీకర్‌లో కోన్ మాత్రమే కదలాలి, డబ్బా కదలకూడదు. డబ్బా వణికితే అది కూడా ఒక స్పీకర్ అయిపోయి పాటలో లేని శబ్దాన్ని కలుపుతుంది. టర్న్‌టేబుల్‌లో అయితే ఇది ఇంకా ముఖ్యం. సూది చదివేది మిల్లీమీటర్‌లో చాలా చిన్న వంతు కదలిక కాబట్టి కింద ఉన్న బేస్ బరువుగా, నిశ్చలంగా ఉండాలి.

అందుకే కొన్ని కంపెనీలు తమ ఊరి రాయిని నమ్ముకున్నాయి. అమెరికాలో ఓస్వాల్డ్స్ మిల్ ఆడియో పెన్సిల్వేనియా పలకరాయితో టర్న్‌టేబుల్ బేస్‌లు చేసింది. జర్మనీలో ఫిషర్ అండ్ ఫిషర్ స్పీకర్ డబ్బాలనే పలకరాయితో కడుతుంది. రెండూ తమ ప్రాంతపు రాయికి ఆడియో ప్రపంచంలో ఒక పేరు తెచ్చిపెట్టాయి.

ఇక మన చీమకుర్తి. ఇక్కడి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ 1980ల నుంచి ప్రపంచమంతా వెళ్తోంది. నల్లటి రాయిలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. నిజానికి భూగర్భ శాస్త్రం లెక్కలో ఇది గ్రానైట్ కూడా కాదు, గాబ్రో జాతి రాయి. వ్యాపారంలో గ్రానైట్ అని పిలుస్తారంతే. క్యూబిక్ మీటర్‌కి ఇంచుమించు 3 టన్నులు తూగుతుంది. ఎయిర్‌పోర్టుల్లో, హోటళ్ల లాబీల్లో, ఎక్కడెక్కడి వంటింటి గట్ల మీదో ఇది కనిపిస్తుంది.

కానీ ఇక్కడి నుంచి పోయేదాంట్లో చాలా భాగం మొరటు దిమ్మెలుగానే పోతుంది. ఓడెక్కి చైనాకో, ఇంకో దేశానికో వెళ్లి, అక్కడ కోతకి, పాలిష్‌కి గురై, అక్కడి రేటుకి అమ్ముడవుతుంది. ఇక్కడ మిగిలేది గోతులు, దుమ్ము, లారీల కింద నలిగిన రోడ్లు, పనికిరాదని పక్కన పోసిన రాతి గుట్టలు. ఒక చిన్న పగులో, రంగులో తేడానో ఉంటే పెద్ద స్లాబ్‌గా పనికిరాదు కాబట్టి ఆ ముక్క వేస్ట్ కింద లెక్క.

ఇక్కడే నాకు అవకాశం కనిపిస్తోంది. వంటింటి గట్టుకి పది అడుగుల పలక కావాలి. స్పీకర్ స్టాండ్ బేస్‌కి 40 సెంటీమీటర్లు, 30 సెంటీమీటర్లు, 2 సెంటీమీటర్ల మందం చాలు. ఆ ముక్క బరువు దాదాపు 7 కిలోలు. అంటే గుట్టలో పడేసిన రాయి కూడా పనికొస్తుంది. కోత మిషన్లు ఇక్కడే ఉన్నాయి, పాలిష్ పని తెలిసిన చేతులు ఇక్కడే ఉన్నాయి. టన్నుల లెక్కన పోయే రాయి కిలోల లెక్కన, ఆ తర్వాత జతల లెక్కన అమ్ముడవుతుంది.

ఒక్క నిమిషం, రాయి మంత్రం కాదు

ఇక్కడే జాగ్రత్త పడాలి. "బ్లాక్ గెలాక్సీతో చేశాం కాబట్టి సౌండ్ అద్భుతం" అని ఎవరైనా అమ్మితే నమ్మకండి.

పాలిష్ చేసిన గ్రానైట్ పలకని ఒక మూల పట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమని మోగుతుంది. బరువు ఉంది, గట్టిదనం ఉంది, కానీ మోతని తనలో కలిపేసుకునే గుణం తక్కువ. పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి కాస్త మెరుగ్గా అణుస్తుంది. అంటే ఉత్త గ్రానైట్ పలక పెడితే పని అయిపోదు. రెండు పలకల మధ్య రబ్బరు లాంటి మెత్తని పొర పెట్టి అతికించాలి. పలక వంగబోయినప్పుడు ఆ పొర సాగి, మోత శక్తిని వేడిగా మార్చేస్తుంది. ఇది ఇంజనీరింగ్. చేశారో లేదో ఒక యాక్సిలరోమీటర్‌తో కొలిచి గ్రాఫ్ చూపించొచ్చు.

ఆ గ్రాఫ్ చూపించే కంపెనీ మనకి కావాలి. బంగారు చుక్కల ఫొటో మాత్రమే చూపించే కంపెనీ వద్దు. హై-ఎండ్ ఆడియోకి అసలు చెడ్డపేరు తెచ్చిందే ఇలాంటి కథలు. లక్షల రూపాయల కరెంటు వైర్లు, స్పీకర్ మీద పెట్టే మహిమ గల రాళ్లు... తాయెత్తులకీ వీటికీ పెద్ద తేడా లేదు. మన నేల మీద పుట్టే మొదటి హై-ఎండ్ కంపెనీ తాయెత్తు కంపెనీ అయితే, ఆ తర్వాత నిజాయితీగా వచ్చేవాళ్లని కూడా ఎవరూ నమ్మరు.

మన గదులు మనకే తెలుసు

రెండోది గది. ఇది ఏ జర్మన్ కంపెనీకీ మనకన్నా బాగా తెలియదు.

మన ఇళ్లు ఎలా ఉంటాయి? పైన సిమెంట్ స్లాబ్, కింద టైల్స్ లేదా గ్రానైట్, నాలుగు వైపులా ఉత్త గోడలు. కార్పెట్ ఉండదు, మందపాటి కర్టెన్లు ఉండవు. శబ్దం ఒక గోడ నుంచి ఇంకో గోడకి బంతిలా ఎగురుతుంది. 12 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ దగ్గర బేస్ నిలబడి ఊగుతుంది. డప్పు దెబ్బ "ధన్" అని ఆగిపోవాల్సింది "ధమ్మ్మ్" అని సాగుతుంది. 5 లక్షల స్పీకర్ తెచ్చి ఆ గదిలో పెట్టినా అంతే.

యూరప్, అమెరికాల్లో చెక్క గోడలు, కార్పెట్లు ఉన్న ఇళ్లలో విని సరిచేసిన స్పీకర్ మన గదిలో వేరేగా వినిపిస్తుంది. మన గదుల్లో కొలిచి, మన గదులకి తగ్గట్టు డీఎస్పీ ట్యూనింగ్‌తో వచ్చే స్పీకర్ ఉంటే అది నిజమైన తేడా. కొలవడానికి ఖర్చు కూడా పెద్దగా లేదు. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. దానికి ఒక కాలిబ్రేటెడ్ యూఎస్‌బీ మైక్ చాలు. స్పీకర్ డిజైన్‌కి విట్యుక్స్‌క్యాడ్ కూడా ఉచితమే. ఒంగోలులో ఈసీఈ చదివే కుర్రాడు లాప్‌టాప్ ముందు కూర్చుని నేర్చుకోగలిగిన పనులివి.

చెక్కపని చేసేవాళ్లు లేరా అంటే, తిరునాళ్లకి, పెళ్లి ఊరేగింపులకి బేస్ బాక్సులు కట్టేవాళ్లు మన వైపు ఎంతమంది లేరు! కోటప్పకొండ ప్రభల మీద సౌండ్ సిస్టమ్ నిలబెట్టిన చేతులకి క్యాబినెట్ కట్టడం కొత్త కాదు. వాళ్లకి తెలిసింది గట్టిగా మోగించడం. స్పష్టంగా మోగించడం కొలత చేతిలో ఉంటే వస్తుంది.

సర్వీస్ దగ్గరే అసలు పరీక్ష

మూడోది సర్వీస్. కొత్త కంపెనీల మీద ఉండే భయం న్యాయమైనదే. రేపు మూతపడితే ఎవరిని అడగాలి?

చిన్న కంపెనీకి చిన్న దెబ్బ కూడా పెద్దదే. 2020 అక్టోబర్‌లో జపాన్‌లోని ఏకేఎం చిప్ ఫ్యాక్టరీ తగలబడితే, ఆ డీఏసీ చిప్‌ల మీద ఆధారపడ్డ ఎన్నో కంపెనీలు ప్రొడక్ట్స్ ఆపేసి డిజైన్లు మార్చుకోవాల్సి వచ్చింది. అలాగని పెద్ద కంపెనీ అయితే సేఫ్ అనుకోకండి. 2024 మేలో సోనోస్ తన యాప్‌ని కొత్తగా మార్చినప్పుడు ఉన్న ఫీచర్లే పోయి కస్టమర్లు గగ్గోలు పెట్టారు. 2025 జనవరిలో ఆ కంపెనీ సీఈఓ పదవి వదిలేశారు. లక్షలు పెట్టి కొన్న స్పీకర్లు ఒక్క యాప్ అప్‌డేట్‌తో తలనొప్పిగా మారాయి.

కాబట్టి సైజు చూసి నమ్మకం పెట్టుకోవద్దు. ఈ ఐదు ప్రశ్నలు అడగండి:

1. కొలతలు బయటపెట్టారా? స్పీకర్‌కి అన్ని కోణాల్లో కొలిచే సీటీఏ-2034 పద్ధతి ఉంది, దాన్నే స్పినోరమా అంటారు. అది ఇవ్వని కంపెనీని "ఎందుకు ఇవ్వలేదు" అని అడగడం మీ హక్కు.
2. లోపల డ్రైవర్ ఎవరిది? బయట విడిగా దొరికేదైతే, కంపెనీ లేకపోయినా మార్చుకోవచ్చు.
3. యాప్, ఇంటర్నెట్ లేకుండా పని చేస్తుందా? వెనక కనీసం ఒక అనలాగ్ ఇన్‌పుట్ ఉందా?
4. మా ఇంట్లో విని, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా? 40 కిలోల డబ్బాని మీ ఊరి నుంచి పంపే ఖర్చు ఎవరిది?
5. మా ఎండలకి, మా కరెంటుకి టెస్ట్ చేశారా? మే నెలలో మధ్యాహ్నం లో-వోల్టేజ్‌లో ఆంప్లిఫయర్ ఏం చేస్తుందో స్పెక్ షీట్‌లో ఉండదు.

వాట్స్ గురించి అడగలేదేం అంటారా? పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. 50 వాట్స్‌కీ 100 వాట్స్‌కీ తేడా చెవికి కాస్తంతే. వేల వాట్ల పీఎంపీఓ అంకెలైతే అసలు లెక్కలోకే తీసుకోవద్దు.

ఏం పెట్టి వినాలి?

షోరూమ్‌లో ఎప్పుడూ బేస్ దంచే ట్రాక్ ఒకటి పెడతారు. దాన్ని ఆపించి మన పాట అడగండి. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం పెట్టించండి. నాదస్వరం ఎంత గట్టి వాయిద్యమో తెలుసు కదా. చెత్త ట్వీటర్ అయితే చెవిలో గుచ్చుతుంది, మంచిదైతే ఎంత పెంచినా నిండుగా ఉంటుంది. తర్వాత దొడ్డవరంలో పుట్టిన భానుమతి గొంతు వినండి. 1951 నాటి మల్లీశ్వరి రికార్డింగ్ పాతదే. కానీ గొంతు స్పీకర్ల మధ్యలో, మనిషి నిలబడినట్టు వినిపించాలి. రెండు డబ్బాల్లోంచి విడివిడిగా వస్తుంటే ఆ స్పీకర్ మీద డబ్బు పెట్టకండి.

ఇద్దరూ మన ప్రకాశం జిల్లా వాళ్లే. సంగీతం మన దగ్గర పుట్టింది, రాయి మన దగ్గర ఉంది. ఆ సంగీతాన్ని వినిపించే పెట్టె మాత్రం సముద్రాలు దాటి రావాలా?

నా మాట

బడ్జెట్ లక్ష ఉంటే అందులో 60 వేల పైన స్పీకర్లకే పెట్టండి. ఆంప్లిఫయర్, స్ట్రీమర్ కొత్త కంపెనీల నుంచి ధైర్యంగా తీసుకోండి, ఎందుకంటే అక్కడ రిస్క్ తక్కువ. మిగిలింది గదికి ఖర్చు చేయండి. ఒక మందపాటి దుప్పటి లాంటి కర్టెన్, ఒక రగ్గు, పుస్తకాలతో నిండిన ఒక అల్మరా చేసే మేలు ఏ ఖరీదైన కేబులూ చేయదు. స్టాండ్ కింద పెట్టడానికి చీమకుర్తి ముక్క దొరికితే పెట్టుకోండి. కింద రబ్బరు మాత్రం మర్చిపోవద్దు.

ఇక కంపెనీ పెట్టాలని ఉన్న కుర్రాళ్లకి ఒక మాట. పెద్ద టవర్ స్పీకర్‌తో మొదలుపెట్టకండి. ముందు ఒక స్పీకర్ స్టాండ్ చేయండి. దాని మోతని కొలవండి, గ్రాఫ్ పెట్టండి, కోత దగ్గర పని చేసేవాళ్లకి మాస్కు, నీళ్లతో కోసే మిషన్ ఇవ్వండి, వంద జతలు అమ్మండి. ఆ తర్వాత ఒక చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్. కొచ్చిలో ఒక ఆర్కిటెక్ట్ చేయగలిగాడు, బెంగళూరులో చిన్న బోర్డులతో మొదలుపెట్టిన వాళ్లు చేయగలిగారు.

చీమకుర్తి నుంచి ఓడెక్కే ప్రతి దిమ్మెతో పాటు మన పిల్లలు చేయగలిగిన పని కూడా కొంత ఓడెక్కి పోతోంది. ఆ పనిలో పిసరంత ఇక్కడే ఆగినా చాలు, ఒంగోలు బస్టాండ్‌లో హైదరాబాద్ టికెట్ కొనే ఇంజనీర్లలో కొందరైనా వెనక్కి తిరుగుతారు.